బాన్ఫ్‌లో మొదటి చలికాలం: కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో ఆల్బెర్టా వైపు రాకీ పర్వతాల మధ్య, బాన్ఫ్ నేషనల్ పార్కు లోపలే ఉండే చిన్న ఊరు బాన్ఫ్. జనాభా ఎనిమిది వేల పైచిలుకు. హోటళ్లలో, రెస్టారెంట్లలో పనికి మనవాళ్లు బాగానే వస్తున్నారు. వేసవిలో వచ్చినవాళ్లకి ఊరు స్వర్గంలా కనిపిస్తుంది. అక్టోబర్ సగానికి వచ్చేసరికి ప్రశ్నలు మొదలవుతాయి, సగం చలి గురించి, సగం జంతువుల గురించి.

ఈ రెండూ వేరు వేరు విషయాలు కావని ముందే చెప్పాలి. మంచు పడ్డాక పై కొండల్లో మేత దొరకదు. జింకలు, ఎల్క్‌లు కిందికి దిగి బో నది లోయలోకి వస్తాయి. వాటి వెనకే తోడేళ్లు, కూగర్లు (చిరుతలాంటి పెద్ద పిల్లులు) వస్తాయి. ఊరు, హైవే, రైలు పట్టాలు, మన క్వార్టర్సు అన్నీ ఉన్నది కూడా అదే లోయలో. అంటే ఇరుగుపొరుగు అంతా ఒక్కసారిగా దగ్గరికి జరిగే కాలం ఇది. కింద రాసినవన్నీ ఆ ఇరుకులో వాటికీ మనకీ ఇబ్బంది లేకుండా ఉండటం గురించే.

చలి నిజంగా ఎంత ఉంటుంది?

జనవరిలో మామూలు రోజుల్లో పగలు మైనస్ 5 దగ్గర, రాత్రి మైనస్ 15 దగ్గర ఉంటుంది. దీనికి వారం పది రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. అసలు పరీక్ష మధ్యలో వచ్చే తీవ్రమైన చలి రోజులది. ఉత్తర ధ్రువం వైపు నుంచి గాలి దిగితే మైనస్ 30 దాటి పోతుంది. 2024 జనవరిలో అలాంటి చలి వచ్చినప్పుడు కరెంటు వాడకం తగ్గించమని 13వ తేదీ రాత్రి రాష్ట్రం మొత్తం ఫోన్లకి అత్యవసర హెచ్చరిక వచ్చింది. బాన్ఫ్‌లో నమోదైన రికార్డు మైనస్ 51.2.

లంబసింగిలో సున్నా దగ్గరికి వెళితే మనకి వార్త. ఇక్కడ సున్నా అంటే జాకెట్ గుండీలు తీసి తిరిగే రోజు. మైనస్ 20 దాటిందని థర్మామీటర్ చూడకుండానే తెలుస్తుంది. ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోయి గుచ్చుకుంటాయి, కాలి కింద మంచు కిరకిరమంటుంది.

వెదర్ యాప్‌లో రెండు అంకెలుంటాయి. ఒకటి ఉష్ణోగ్రత, ఇంకోటి గాలితో కలిపి ఒంటికి తగిలే చలి. బయటికి వెళ్లేముందు చూడాల్సింది రెండోది. అది మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇండియా నుంచి ఏం తెచ్చుకోవాలి, ఇక్కడ ఏం కొనుక్కోవాలి?

జాకెట్, బూట్లు ఇండియాలో కొనొద్దు. అక్కడ చలికోటు అని అమ్మేవి ఇక్కడ అక్టోబర్‌కి సరిపోతాయి, అంతే. ఇక్కడ సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో మంచి జాకెట్లు తక్కువకి దొరుకుతాయి. సీజన్ అయిపోయి వెళ్లిపోయేవాళ్లు కూడా అమ్మేసి పోతుంటారు. డబ్బు పెట్టాల్సింది మాత్రం బూట్ల మీద. లోపల ఉన్ని లైనింగ్, కింద మెత్తటి రబ్బరు సోల్ ఉన్నవి, రెండు జతల సాక్సు పట్టేంత వదులుగా ఉన్నవి తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడదు, ఎంత ఖరీదైన బూటయినా వేళ్లు చల్లబడతాయి.

బట్టలు పొరలుగా వేసుకోవాలి. ఒంటికి ఆనేది థర్మల్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని, ఆ పైన గాలి చొరని జాకెట్. ఒంటికి ఆనే పొర కాటన్ అయితే వద్దు. మన దగ్గర కాటన్ ఎంత హాయో ఇక్కడ అంత ముప్పు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, నడక ఆపగానే ఆ తడే వణికిస్తుంది.

ఇంటి నుంచి తెచ్చుకోదగ్గవి మంకీ క్యాప్, అమ్మమ్మ అల్లిన స్వెటర్, ప్రెషర్ కుక్కర్. మంకీ క్యాప్ చూసి ఇక్కడ ఎవరూ నవ్వరు. అందరి ముఖాలకీ ఏదో ఒక ముసుగు ఉంటుంది.

ముఖం, చెవులు, వేళ్లు తిమ్మిరెక్కితే ఏం చేయాలి?

నొప్పి పుడుతున్నంతసేపూ భయం లేదు. నొప్పి పోయి, ఆ చోట తెల్లగా మైనంలా మారితే వెంటనే లోపలికి వెళ్లాలి. బుగ్గ మీద తెల్లటి మచ్చ మనకి కనపడదు, పక్కనున్నవాళ్లే చూసి చెప్పాలి. అందుకే బాగా చలి రోజుల్లో ఇద్దరు నడుస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండాలి.

రుద్దొద్దు. మంచు పెట్టొద్దు. హీటర్ మీద చేతులు పెట్టొద్దు, తిమ్మిరిలో కాలింది కూడా తెలీదు. ఒంటి వేడికి కాస్త ఎక్కువగా ఉండే గోరువెచ్చటి నీళ్లలో ఉంచాలి. రంగు, స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి. ఏం చేయాలో తేలకపోతే 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 911.

ముక్కులోంచి రక్తం వస్తోంది, చర్మం పగిలిపోతోంది. ఇది ఎత్తు వల్లా?

ఎత్తు వల్ల కాదు. ఊరు 1,383 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ దీనికంటే చాలా ఎత్తు. కారణం పొడి గాలి. బయటి గాలిలోనే తేమ తక్కువ, దాన్ని హీటర్ వేడి చేస్తే ఇంకా ఎండిపోతుంది. గదిలో చిన్న హ్యూమిడిఫయర్ పెట్టుకోండి, లేదంటే రాత్రి తడి తువ్వాలు ఆరేయండి. స్నానం చేసి ఒళ్లు ఆరకముందే కొబ్బరినూనె రాసుకుంటే సరి. సీసాలో అది రాయిలా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి వెడల్పు మూత డబ్బాలో పోసి ఉంచుకోండి.

పప్పు ఉడకడం లేదు, ఇడ్లీ పిండి పులవడం లేదు.

పప్పు సంగతి మాత్రం ఎత్తు వల్లే. ఇక్కడ నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి గిన్నెలో ఎంతసేపు ఉడికించినా కందిపప్పు మెత్తబడదు. కుక్కర్‌లో ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే చాలు. ఇడ్లీ పిండిని, పాలలో తోడు వేసిన గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి ఉంచండి, ఓవెన్ ఆన్ చేయొద్దు. ఆ బల్బు వేడికి పొద్దుటికల్లా పిండి పొంగుతుంది. దాని తలుపు మీద ఒక కాగితం అంటించండి, లేకపోతే స్టాఫ్ క్వార్టర్సులో ఎవరో ఒకరు పిజ్జా కోసం ఓవెన్ వేడి చేసేస్తారు.

ఎండుమిర్చి పోపుకి ఫైర్ అలారం మోగడం గురించి కూడా అడుగుతుంటారు. పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అలారంకి కవరు కట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. చెక్క ఇళ్లు ఇవి.

రాత్రి షిఫ్ట్ అయ్యాక నడిచి వస్తుంటే దారిలో ఎల్క్ నిలబడి ఉంది. పక్క నుంచి వెళ్లిపోవచ్చా?

వెళ్లకూడదు. ఇక్కడ మొదటి ఏడాది మనవాళ్లకి ఎక్కువ ఎదురయ్యేది, ఎక్కువ తేలిగ్గా తీసుకునేది ఈ ఎల్క్‌నే, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎల్క్ అంటే కణుజు కుటుంబానికి చెందిన పెద్ద జింక. మగది 300 కిలోలు దాటుతుంది. ఊళ్లో పచ్చిక మీద, పార్కు చేసిన కార్ల మధ్య, నది పక్క బాటల్లో తాపీగా మేస్తుంటాయి. ఆవులా సాధువుగా కనిపిస్తుంది, అక్కడే పొరపాటు పడతారు. అవి ఊళ్లో ఉండటానికి కారణం మన మీద ప్రేమ కాదు. తోడేళ్లు, కూగర్లు మనుషులకి జంకుతాయి కాబట్టి ఊరు వాటికి సురక్షితమైన చోటు. 1990ల చివరికి వచ్చేసరికి ఊళ్లో ఎల్క్‌లు మరీ పెరిగి మనుషుల మీదికి రావడం ఎక్కువైంది. అప్పుడు నేషనల్ పార్కుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వాటిలో చాలావాటిని పట్టి వేరే చోట్లకి తరలించాల్సి వచ్చింది.

ఉండాల్సిన దూరం కనీసం 30 మీటర్లు, అంటే మూడు బస్సుల పొడవు. ఏడాదిలో రెండు కాలాలు మరీ జాగ్రత్త. ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ వరకు మగవి జత కోసం కొట్టుకునే రోజులు. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా ఆడవి ఈనే రోజులు. ఈనిన ఆడ ఎల్క్ మగదానికంటే ప్రమాదం. పిల్లని గడ్డిలో దాచి ఎక్కడో దూరంగా నిలబడుతుంది, మీకు పిల్ల కనపడదు, తల్లికి మీరు కనపడతారు.

చలికాలంలో అది మీదికి రావడం తక్కువ, కానీ అసలే లేదని కాదు. దాని ముఖం చూడటం నేర్చుకోండి. చెవులు వెనక్కి అంటించిందా, మెడ మీద వెంట్రుకలు లేచాయా, పై పెదవి మడిచి పళ్లు కొరుకుతోందా, మేత ఆపి మీవైపే చూస్తోందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మీరు ఇప్పటికే దగ్గరికి వెళ్లిపోయినట్టు. దాని మీంచి చూపు తీయకుండా మెల్లగా వెనక్కి నడవండి. మధ్యలో కారో, పెద్ద చెట్టో, గోడో ఉండేలా చూసుకోండి. మీదికి వస్తే ముందు కాళ్లతో తొక్కుతుంది, కాబట్టి కింద పడకుండా ఉండటం ముఖ్యం.

దారికి అడ్డంగా నిలబడితే వేరే వీధిలోంచి రండి, లేదా ఏదైనా హోటల్ లాబీలోకి వెళ్లి కూర్చోండి. చప్పట్లు కొట్టి తరమొద్దు. మైనస్ 25లో అది అలా కదలకుండా నిలబడిందంటే ఒంట్లో ఉన్న కొవ్వుని వసంతం దాకా జాగ్రత్తగా ఖర్చుపెట్టుకుంటోందన్నమాట. మనం ఒకసారి పరిగెత్తిస్తే ఆ లెక్క తప్పుతుంది. మనకి పోయేది పది నిమిషాలు.

రాత్రిపూట రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవకండి. మంచులో ఎల్క్ అడుగుల చప్పుడు వినపడదు, దాని ఊపిరి వినపడుతుంది.

చలికాలంలో ఎలుగుబంట్లు నిద్రపోతాయి కదా, భయం లేనట్టేనా?

చాలావరకు అంతే. నవంబర్‌లో గుహల్లోకి పోతాయి, మగవి మార్చిలో బయటికి వస్తాయి, పిల్లలున్న తల్లులు ఇంకా ఆలస్యంగా. కాకపోతే క్యాలెండర్ చూసుకుని ధైర్యపడకండి. ఈ నేషనల్ పార్కులో గ్రిజ్లీ అనే పెద్ద జాతి ఎలుగులు దాదాపు 65 ఉన్నాయి. వాటిలో ‘ది బాస్’ అని పిలిచే 122 నంబరు మగ ఎలుగు చాలా ఏళ్లు అన్నిటికంటే ముందే లేచేది. రైలు పట్టాల మీద ఒలికిన ధాన్యం కోసం లేవగానే లోయలోకి దిగేది. రైలు ఢీకొన్నా బతికిందని ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. అక్టోబర్, నవంబర్, మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండ బాటల్లోకి వెళితే ఎలుగు ఉందనే అనుకుని వెళ్లాలి. ఉండాల్సిన దూరం 100 మీటర్లు.

రైలు పట్టాల మీద నడవడం చట్టరీత్యా నేరం. జంతువులు కూడా మంచు తక్కువని ఆ దారే పట్టుకుని నడుస్తాయి, కాబట్టి అడ్డదారి అనుకుని అస్సలు పోవద్దు.

మరి బేర్ స్ప్రే చలికాలంలో కూడా కావాలా?

కావాలి. ఎలుగుకే కాదు, కూగర్‌కి, తోడేలుకి, మీదికొచ్చే ఎల్క్‌కి కూడా పనిచేస్తుంది. ఇది మిరపఘాటు. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు దోమల మందులా ఒంటికి కొట్టుకోవాలేమో అనుకుంటారు. పొరపాటున కూడా చేయొద్దు. జంతువు మీదికి వస్తున్నప్పుడు, నాలుగైదు మీటర్ల దూరానికి వచ్చాక, దాని ముఖానికి కాస్త కిందికి గురిపెట్టి కొట్టేది.

బాగా చలిగా ఉంటే డబ్బాలో ఒత్తిడి తగ్గి దూరం పోదు, అందుకని జాకెట్ లోపల, చేతికి అందేలా పెట్టుకోండి. సంచి అడుగున ఉంటే లేనట్టే. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. వేడి కారులో వదిలేయకండి, విమానంలో తీసుకెళ్లనివ్వరు.

కూగర్లు, తోడేళ్లు ఊళ్లోకి వస్తాయా?

వస్తాయి, ముఖ్యంగా చలికాలం రాత్రుళ్లు. మీకు కనపడటం అరుదు. పొద్దున్నే మంచు మీద అడుగులు కనపడతాయి. గుండ్రంగా, అరచేయంత ఉండి, గోళ్ల గుర్తులు లేకపోతే కూగర్. కోలగా ఉండి ముందు గోళ్ల గుర్తులుంటే కుక్క జాతి. అది మనిషి అరచేయంత పెద్దగా, ఒకే గీత మీద నడిచినట్టుంటే తోడేలు. ఈ అడుగులు గుర్తుపట్టడం మొదలుపెట్టాక ఊరు కొత్తగా కనిపిస్తుంది. మనం నిద్రపోతున్నప్పుడు మన వీధిలో ఎవరెవరు తిరిగారో తెలుస్తుంది.

మనిషి మీద కూగర్ దాడి చాలా అరుదు, కానీ జరిగింది. 2001 జనవరిలో మిన్నెవాంకా సరస్సు దగ్గర ఒంటరిగా స్కీయింగ్ చేస్తున్న మహిళని కూగర్ చంపేసింది. అందుకని పొద్దు వాలాక చెట్ల బాటల్లో ఒంటరిగా పోకండి, పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి. ఎదురైతే వెనక్కి తిరక్కండి, పరిగెత్తకండి. పిల్లల్ని ఎత్తుకోండి, కళ్లలోకి చూస్తూ, చేతులు పైకెత్తి పెద్దగా కనపడుతూ గట్టిగా అరవండి. మీద పడితే దొరికినదానితో ఎదురుకొట్టండి. చచ్చినట్టు పడుకోవడం కూగర్ దగ్గర పనికిరాదు.

చెట్ల మధ్య రేవెన్‌లు (పెద్ద కాకులు), మ్యాగ్‌పైలు (కాకి జాతి పిట్టలు) గుంపుగా అరుస్తుంటే అక్కడ వేటాడిన కళేబరం ఉందని అర్థం. తినేది దగ్గర్లోనే ఉంటుంది. చూద్దామని వెళ్లకుండా వచ్చిన దారినే వెనక్కి తిరగండి, పార్క్స్ కెనడాకి ఫోన్ చేసి చోటు చెప్పండి.

మూగజీవాలకి తిండి పెట్టడం మనకి పుణ్యం కదా? చలిలో పాపం ఆకలితో ఉంటాయి కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మనసు మంచిది. గుడి దగ్గర కోతికి అరటిపండు, వీధి కుక్కకి చద్దన్నం, ఆవుకి గ్రాసం, ఇవన్నీ చేస్తూ పెరిగినవాళ్లం. కానీ ఇక్కడ చేయి చాపి పెట్టిన తిండి ఆ జంతువు ప్రాణం తీస్తుంది. మాట వరసకి చెప్పడం లేదు.

2016 వేసవిలో బో లోయ తోడేళ్ల గుంపు క్యాంప్‌గ్రౌండ్లలో జనం వదిలేసిన తిండి రుచి మరిగింది. మనుషులంటే జంకు పోయింది, టెంట్ల దగ్గరికి వచ్చి తిండి ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. ఆ ఏడాది ఆ గుంపులో రెండు ఆడ తోడేళ్లని పార్క్స్ కెనడా సిబ్బందే కాల్చి చంపాల్సి వచ్చింది. వాటిని కాపాడటమే తమ ఉద్యోగం అయినవాళ్లు. అదే ఏడాది ఆ గుంపు పిల్లలు నాలుగు రైలు కింద పడి పోయాయి. ఎవరో కడగకుండా వదిలేసిన పళ్లేలు, మూత వేయని కూలర్లు, అంతే అక్కడ మొదలు.

ఎలుగు అయినా, కయోటీ (తోడేలు కంటే చిన్నగా ఉండే కుక్క జాతి జంతువు) అయినా, నక్క అయినా కథ ఇదే. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి తెలిశాక అది మళ్లీ వస్తుంది. కార్లకింద పడుతుంది, లేదా ఎవరినో కరుస్తుంది, ఆ తర్వాత దాన్ని చంపేస్తారు. జింకల సంగతి ఇంకోలా ఉంటుంది. చలికాలంలో వాటి పొట్ట కొమ్మలు, బెరడు అరిగించుకోవడానికి తయారై ఉంటుంది. అప్పుడు గుప్పెడు ధాన్యమో రొట్టెముక్కలో పెడితే అరగక చచ్చిపోయే ప్రమాదం ఉంది. దాని కడుపు నింపామని మనం అనుకుంటాం.

నేషనల్ పార్కులో ఏ అడవి జంతువుకి తిండి పెట్టినా, చూపించి పిలిచినా జరిమానా 25,000 డాలర్ల వరకు వేయొచ్చు. చేతి మీద వాలే బూడిదరంగు కెనడా జే పిట్టకి గింజ పెట్టడం కూడా దీని కిందికే వస్తుంది. ఆ పిట్ట జాలిపడాల్సిన స్థితిలో లేదు. ఎండాకాలం నుంచే తిండిని జిగురు ఉమ్మితో ముద్దలు చేసి చెట్ల బెరడు సందుల్లో అంటించి దాచుకుంటుంది, చలికాలమంతా అవి వెతుక్కుని తింటుంది. వాటికి మనం చేయగల మేలు దారి వదలడం, చెత్త డబ్బా మూత సరిగ్గా వేయడం.

తద్దినం రోజు కాకికి ముద్ద పెట్టాలి. ఎలా?

బయట పెట్టకూడదు. మీరు పెట్టింది రేవెన్ తినకముందే కయోటీ పసిగట్టొచ్చు, పైగా ఇదీ తిండి పెట్టడం కిందే లెక్క. ఇక్కడ ఉండే కుటుంబాలు కొన్ని ఇంట్లోనే కార్యక్రమం చేసుకుని, సెలవు చూసుకుని గంటన్నర దూరంలో ఉన్న కాల్గరీకి వెళ్లి గుడిలో అన్నదానానికి ఇస్తున్నారు. మీ ఇంటి పురోహితుడికి ఫోన్ చేసి ఇక్కడి నియమం వివరంగా చెప్పండి, దేశకాలాలని బట్టి ఏం చేయాలో ఆయనే చెబుతారు. నదిలో కొబ్బరికాయలు, పూలు, ప్రసాదం వేయడం కూడా వద్దు.

దీపావళికి టపాసులు, భోగికి మంట, సంక్రాంతికి ముగ్గు?

టపాసులు కాల్చకూడదు. పెద్ద శబ్దాలకి జంతువులు బెదిరి చెల్లాచెదురవుతాయని ఊరి పాలకవర్గమే 2018లో కెనడా డేకి మామూలు బాణసంచా మానేసి, తక్కువ చప్పుడుతో వెలుగులు చిమ్మేవి వాడింది. వాళ్లే మానుకున్నాక మనం సందులో సీమటపాకాయ కాల్చడం మర్యాద కాదు.

భోగి మంట ఇంటి ముందు వేయడం కుదరదు. పార్క్స్ కెనడా అనుమతించిన పిక్నిక్ స్థలాల్లో ఇనుప గుంటలుంటాయి, అప్పటి నిబంధనలు చూసుకుని నలుగురూ కలిసి అక్కడికి వెళ్లండి. ముగ్గుకి బియ్యప్పిండి వద్దు, సుద్ద వాడండి. రంగులు కలిపిన నీళ్లు సీసాలో పోసి మంచు మీద చల్లి ముగ్గు వేయాలని కొందరికి ఉంటుంది. వీధిలో కాకుండా ఇంటి గుమ్మం లోపలే ఒక పలక మీద వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, జనవరి నెల మొత్తం చెరగకుండా కూడా ఉంటుంది.

చెత్త ఇంటి ముందు పెట్టకూడదా?

పెట్టకూడదు. వీధుల్లో ఎలుగులు తెరవలేని ఇనుప డబ్బాలుంటాయి. పిడి లోపల వేళ్లు పెట్టి గొళ్లెం పైకి నొక్కితే తెరుచుకుంటుంది. గ్లోవ్స్ తీసి నొక్కాల్సి రావచ్చు, చలికి బద్ధకించి సంచి పక్కన పెట్టి వచ్చేయకండి. బాల్కనీలో నూనె గిన్నెలు, ఉల్లిపాయల సంచి, ఫ్రిజ్ నిండిందని కూర గిన్నె పెట్టడం కూడా అంతే తప్పు.

గడ్డకట్టిన చెరువుల మీద నడవొచ్చా? కొండ బాటలు ఎక్కొచ్చా?

ఒక్కరు నడవడానికి ఐస్ కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉండాలి, గుంపుగా అయితే 20. వెర్మిలియన్ సరస్సుల కింద వెచ్చటి ఊటలున్నాయి, పైకి గట్టిగా కనిపించే చోటే పక్కన పలచగా ఉంటుంది. ఫొటో కోసం అక్కడ ముందుకి వెళ్లకండి. నది మీద ఐస్‌ని ఎప్పుడూ నమ్మకండి.

టన్నెల్ మౌంటెన్, జాన్స్టన్ క్యాన్యన్ లాంటి రద్దీ బాటలకి బూట్ల కింద తొడుక్కునే మైక్రోస్పైక్స్ చాలు. అవి లేకుండా వెళితే ఎక్కడం తేలికే, దిగడమే కష్టం. వేసవిలో నడిచిన బాటలన్నీ చలికాలంలో పనికిరావు, కొన్ని మంచు చరియలు జారే దారికి అడ్డంగా ఉంటాయి. అవలాంచ్ కెనడా సైట్లో రోజూ అయిదు స్థాయిల్లో ప్రమాద సూచన ఉంటుంది. దాన్ని చదవడం, ట్రాన్స్‌సీవర్, ప్రోబ్, పార (మంచు కింద చిక్కుకున్నవాళ్లని వెతికి తవ్వి తీసే సామాను) వాడటం నేర్చుకోకుండా అలాంటి చోట్లకి వెళ్లకండి. కొనడం ఒక్కటే చాలదు, కోర్సు చేయాలి.

కారు సంగతి?

చలికాలం టైర్లు వేయించండి. జాస్పర్ వైపు వెళ్లే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా అవి చట్టరీత్యా తప్పనిసరి, ఆ 230 కిలోమీటర్లలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. దుప్పటి, పార, నీళ్లు, తిండి కారులో ఉండాలి. మైనస్ 20కి దిగితే రాత్రి బ్లాక్ హీటర్ (ఇంజన్ని వెచ్చగా ఉంచేది) ప్లగ్ పెట్టండి.

ఊరి పక్క నుంచి పోయే ట్రాన్స్-కెనడా హైవేకి రెండు వైపులా ఎత్తు కంచె ఉంది. పార్కు పొడవునా జంతువులు దాటడానికి 6 పై వంతెనలు, 38 కింది దారులు కట్టారు. వీటి వల్ల వాహనాలు జంతువుల్ని ఢీకొట్టడం 80 శాతానికి పైగా తగ్గింది. చెట్లు మొలిచిన ఆ వంతెనల కింద నుంచి వెళుతుంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది. కంచె లేని రోడ్లు వేరే ఉన్నాయి, అక్కడ సంధ్య వేళల్లో నెమ్మదిగా వెళ్లండి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుంది. కొండ గొర్రెలు, మూస్‌లు (ఎల్క్ కంటే పెద్ద జింకలు) రోడ్డు మీద ఉప్పు కోసం వస్తాయి, ఆగి ఉన్న కారుకి అంటిన ఉప్పు కూడా నాకుతాయి. అద్దం దించకుండా ముందుకి కదలండి.

నవంబర్ వచ్చేసరికి ఏడుపొస్తోంది. అందరికీ ఇలాగే ఉంటుందా?

చాలామందికి. నా లెక్కలో జనవరి కంటే నవంబరే కష్టం. టూరిస్టులు ఉండరు, షిఫ్టులు తగ్గి చేతిలో డబ్బు తగ్గుతుంది, స్కీయింగ్ ఇంకా సరిగ్గా మొదలవదు. డిసెంబర్‌కి ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, నాలుగున్నరకే చీకటి. కొండల నీడ వల్ల చాలా వీధులకి ఆ ఎండ కూడా అందదు. ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి.

మధ్యాహ్నం ఒంటిగంటకి అరగంటయినా ఎండలో నడవండి. డాక్టర్ని అడిగి విటమిన్ డి వేసుకోండి. వెలుతురు ల్యాంపులు దొరుకుతాయి, కొందరికి బాగా పనిచేస్తాయి. సెలవు రోజు గదిలో ఒక్కళ్లే ఉండిపోకుండా ఎవరో ఒకరితో కలిసి వంట చేసుకోండి. ఒక ఆట నేర్చుకోండి, స్కేటింగ్ అయినా సరే. చలికాలాన్ని ఇష్టపడేవాళ్లందరికీ బయట ఏదో ఒక పని ఉంటుంది. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే, బతకాలని లేదనిపిస్తే ఆగకండి. 988కి ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ చేయొచ్చు.

అమ్మానాన్నల్ని ఎప్పుడు పిలిపించుకుంటే మంచిది?

మోకాళ్ల నొప్పులుంటే జూలై, ఆగస్టు. మంచు చూడాలని వాళ్లకి ఉంటే మార్చి మొదటి వారాలు. పగలు పెరుగుతుంది, మంచు ఇంకా ఉంటుంది, ఎండ కాస్తుంది. అప్పర్ హాట్ స్ప్రింగ్స్‌కి తీసుకెళ్లండి. 37 నుంచి 40 డిగ్రీల నీళ్లలో కూర్చుంటే తల మీద మంచు పడుతుంటుంది, చాలామంది పెద్దవాళ్లకి అన్నిటికంటే అదే నచ్చుతుంది. బూట్లు, జాకెట్లు ఇక్కడే ఎవరినైనా అడిగి సిద్ధం చేసి ఎయిర్‌పోర్టుకే తీసుకెళ్లండి. నాన్నగారికి పొద్దున్నే అయిదింటికి వాకింగ్ అలవాటుంటే మాత్రం మొదటి రోజే చెప్పండి: తెల్లవారాక, పెద్ద వీధిలోనే, ఇద్దరుగా వెళ్లాలి. రొట్టెముక్కలు జేబులో వేసుకోవద్దని కూడా చెప్పండి.